నీ తమ్ముడేడి? (ఆదికాండము ధ్యానాలు – 9వ భాగం)

పోయిన బుధవారం ఏదెను తోట బయట ఆగాం. ఈ వారం 4వ అధ్యాయం, కయీను హేబెలు. ముందు బైబిలు తీసి 1 నుంచి 24వ వచనం దాకా చదువుకొని, అప్పుడు ఇటు రండి. మెసేజ్ ఎక్కడికీ పోదు.

ఈ భాగం మామూలుకంటే పొడుగు. కారణం ఉంది. కమ్మింగ్‌లో మా శుక్రవారం ప్రార్థన కూటంలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. ఈ ఊరి గురించి ప్యాట్రిక్ ఫిలిప్స్ అనే ఆయన 2016లో రాసిన పుస్తకం చదివిందట. ఆయన ఈ కౌంటీలోనే పెరిగిన మనిషి. "అంకుల్, రాబ్ ఎడ్వర్డ్స్‌ని చంపినవాళ్ళు ఆ వచ్చే ఆదివారం చర్చికి వెళ్ళే ఉంటారు కదా. వాళ్ళు సేవ్డ్ అయినవాళ్ళేనా? దేవుడు చూస్తూ ఎందుకు ఊరుకున్నాడు?" అంది. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, వాక్యంలోకి వెళ్దాం" అన్నారు వాళ్ళ నాన్నగారు. కానీ ఆ అమ్మాయి వాక్యం బయటకు పోలేదు. సరిగ్గా ఆదికాండము 4వ అధ్యాయంలోనే నిలబడి అడిగింది.

కువైట్‌లో ఉన్న సహోదరులు, కోనసీమలో ఉన్న మావాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఊరి సంగతి కొంచెం చెప్తాను. కమ్మింగ్ అట్లాంటాకి ఉత్తరాన, జార్జియా 400 రోడ్డు మీద ఉంటుంది. ఫోర్సైత్ కౌంటీకి ముఖ్య పట్టణం. అసలు ఊరు చిన్నదే గానీ కౌంటీలో చాలా ఇళ్ళకు అడ్రసు కమ్మింగ్ అనే ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో కౌంటీ జనం రెండున్నర లక్షలు దాటింది. మనవాళ్ళు ఎంతమంది అంటే, ఇండియన్ షాపులో గోంగూర కట్ట తీసుకుంటుంటే వెనక నుంచి "అది ముదిరింది, పక్కది తీసుకోండి" అని తెలుగులో వినపడుతుంది. మంచి స్కూళ్ళు, మంచి రోడ్లు. దేవునికి స్తోత్రం.

ఇదే ఊళ్ళో 1912 సెప్టెంబరులో ఏం జరిగిందో వినండి.

మే క్రో అనే 18 ఏళ్ళ తెల్లజాతి అమ్మాయిని ఆస్కార్‌విల్ అనే పల్లె దగ్గర అడవిలో ఎవరో ఘోరంగా కొట్టి పడేశారు. రెండు వారాలకు చనిపోయింది. ఆ దారుణం నిజం, ఆ అమ్మాయి రక్తమూ దేవుని ముందు మొరపెట్టే రక్తమే. ఈ మాట ముందుగా అనుకోకుండా మిగతా కథ చెప్పడం న్యాయం కాదు. ఎర్నెస్ట్ నాక్స్ అనే 16 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి పట్టుకొని, మెడకు తాడు వేసి బెదిరించి, చేశానని చెప్పించారు. రాబ్ ఎడ్వర్డ్స్ అనే 24 ఏళ్ళ యువకుణ్ణి కూడా జైల్లో పెట్టారు. సెప్టెంబరు 10, మంగళవారం నాడు మూక జైలు మీద పడి ఆయన్ని బయటకు లాగి, కొట్టి, కాల్చి, ఊరి మధ్య టెలిఫోన్ స్తంభానికి వేలాడదీసింది. విచారణ లేదు, సాక్ష్యం లేదు. తర్వాత ఎర్నెస్ట్‌ని, 18 ఏళ్ళ ఆస్కార్ డేనియల్‌ని కోర్టులో నిలబెట్టి, ఒక్కొక్కరి విచారణ ఒక్క రోజులో ముగించి, అక్టోబరు 25న ఉరి తీశారు. వేలమంది కొండ వాలు మీద కూర్చొని చూశారు. తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు.

అంతటితో ఆగలేదు. రాత్రిళ్ళు గుర్రాల మీద మూకలు తిరిగాయి. నల్లజాతివారి ఇళ్ళ మీద కాల్పులు, నిప్పు. వాళ్ళ చర్చిలు కూడా తగలబెట్టారు. 1910 లెక్కల ప్రకారం కౌంటీలో నల్లజాతివారు 1,098 మంది. కొన్ని వారాల్లోనే దాదాపు అందరూ వెళ్ళిపోయారు. కొందరు భూమిని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. కొందరు అదీ లేకుండా పోయారు. మిగిలిన పొలాన్ని పక్కవాడు కలుపుకొని, పన్ను కట్టుకుంటూ కొన్నేళ్ళకు తనదనిపించుకున్నాడు. ఆస్కార్‌విల్ చుట్టుపక్కల నేల కొంత 1950లలో కట్టిన బ్యూఫర్డ్ డ్యామ్ వెనక లేనియర్ సరస్సు నీళ్ళలో ఉంది. మనం పిల్లల్ని తీసుకొని పడవ ఎక్కడానికి వెళ్ళే సరస్సు అదే.

ఇప్పుడు వాక్యంలోకి రండి.

దేవుడు ఎందుకు ఆపలేదు అని అడుగుతున్నాం కదా. 4:6, 7 చూడండి. హత్య జరగకముందే దేవుడు కయీను దగ్గరకు వచ్చాడు. నీ ముఖం ఎందుకలా మాడిపోయింది అని అడిగాడు. పాపం గుమ్మం దగ్గర పొంచి ఉన్న మృగంలాంటిది, దాని చూపు నీ మీదే ఉంది, నువ్వు మాత్రం దాన్ని లొంగదీయాలి అని హెచ్చరించాడు. అంటే దేవుడు మౌనంగా లేడు. మాట్లాడాడు. కానీ కయీను చేతులు కట్టేయలేదు.

అదేదో కట్టేస్తే పోయేది కదా అంటారు. ఈ మాట మన కంటే ముందు చాలామంది అడిగారు. ఆల్విన్ ప్లాంటింగా అనే అమెరికన్ క్రైస్తవ తత్వవేత్త 1974లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన వాదన నాకు అర్థమైనంతలో ఇది: ప్రేమించగలిగే మనిషి కావాలంటే ప్రేమించకుండా ఉండగలిగే మనిషే కావాలి. బలవంతంగా చేయించిన మంచి, మంచి అనిపించుకోదు. సర్వశక్తుడైనా సరే ఒకణ్ణి బలవంతంగా ఇష్టపడేలా చేయడం అనేది మాటలోనే పొసగదు. ఈ వాదన గట్టిది. అయితే ఒకటి చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. ఇది కోర్టులో దేవుని పక్షాన వకీలు చెప్పే వాదన. ఉరి తీసిన ఆ పిల్లల తల్లుల ముందు కూర్చొని చెప్పే మాట కాదు. మనలో కొందరు చావింటికి వెళ్ళి "దేవుని చిత్తం" అని ఒక్క ముక్కతో తేల్చేసి వచ్చేస్తారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు మూసుకొని కూర్చున్నప్పుడే బాగున్నారు.

కీడును ఎవరు చేశారు? దేవుడే సమస్తం చేశాడు కాబట్టి దాన్నీ ఆయనే చేశాడా? దీనికి అగస్టీను (354–430) చెప్పిన జవాబు సంఘం ఇప్పటికీ చెప్పుకుంటుంది. కీడు విడిగా ఒక వస్తువు కాదు, మంచిలో కలిగిన కొరత, మంచి చెడిపోవడం అన్నాడు. పుస్తకంలో చదివినప్పుడు నాకు బుర్రకెక్కలేదు. కానీ నేను కువైట్‌లో పదకొండేళ్ళు స్టీలు పని చేశాను, చువ్వలు వంచి బైండింగ్ వైరుతో కట్టే పని. అక్కడ సముద్రపు గాలికి చువ్వలు ఊరికే తుప్పు పడతాయి. తుప్పు అనేది తనంతట తాను ఎక్కడా ఉండదు. కేజీ తుప్పు కొనుక్కురా అంటే ఏ షాపులోనూ అమ్మరు. ఇనుము ఉంటేనే తుప్పు. ఇనుమును తినే బతుకుతుంది. అలాగని తుప్పు ఏమీ కాదు అనుకున్నారా, పదేళ్ళకు స్లాబు నెత్తి మీద పడుతుంది. అగస్టీను చెప్పింది ఇదే. 1912లో ఊరిని పట్టిన కీడు కూడా మంచి వాటినే తిని బతికింది. కూతుళ్ళ మీద ప్రేమ మంచిది. న్యాయం కావాలనే ఆవేశం మంచిది. ఊరంతా ఒక్కమాట మీద ఉండటం మంచిది. ఆ మూడింటికీ తుప్పు పట్టింది.

అగస్టీను తన పదహారో ఏట స్నేహితులతో కలిసి పొరుగువాడి చెట్టు పళ్ళు దొంగిలించిన సంగతి తన ఒప్పుకోలు పుస్తకంలో రాసుకున్నాడు. ఆకలి కాదు. ఇంట్లో అంతకంటే మంచి పళ్ళే ఉన్నాయి. కాజేసినవి పందులకు పారేశారు. మరి ఎందుకు చేశానని తన్ను తాను తవ్వుకొని, చివరికి ఒక సంగతి పట్టుకున్నాడు: నేను ఒంటరిగా ఉంటే చేసి ఉండేవాణ్ణి కాదు అని. కొన్ని పళ్ళ కోసం ఒక బిషపు అంత కుమిలిపోవాలా అని నవ్వేవాళ్ళున్నారు. కమ్మింగ్ కథ తెలిసినవాళ్ళు నవ్వరు. ఆ స్తంభం చుట్టూ చేరినవాళ్ళలో ఒంటరిగా ఆ పని చేయగలిగినవాడు ఎంతమంది?

అయితే "మూకలో కొట్టుకుపోయాం" అంటే తప్పు పోతుందా? పోదు. దానికీ ఈ ఊళ్ళోనే సాక్ష్యం ఉంది. రాబ్ ఎడ్వర్డ్స్ హత్యకు మూడు రోజుల ముందు, గ్రాంట్ స్మిత్ అనే నల్లజాతి బోధకుణ్ణి కోర్టు ముందు కొరడాలతో చావబాదారు. ఆయన ఏదో మాట అన్నాడని. అప్పుడు షెరీఫ్ మనుషులు ఆయన్ని మూక చేతుల్లోంచి కోర్టు భవనంలోకి తీసుకుపోయి, లోపల పెట్టి తాళం వేసి ప్రాణం కాపాడారు. అదే ఊరు, అదే మూక, అదే అధికారం. శనివారం తలుపు మూయగలిగినవాళ్ళు మంగళవారం మూయలేకపోయారు. చేయడం సాధ్యమే అని శనివారమే రుజువైంది.

మా కువైట్ క్యాంపులో కూడా ఒకటి చూశాను. కంపెనీ పేరు వద్దు. ఒక నేపాలీ కుర్రాడు జీతం బకాయి అడిగాడని, పని వదిలి పారిపోయాడని కాగితం రాసి మమ్మల్ని సాక్షి సంతకాలు పెట్టమన్నారు. ఆ కాగితం పోలీసుల దగ్గరకు వెళ్తే కుర్రాడి అకామా పోతుంది, జైలు, ఇంటికి పంపేస్తారు. పాస్‌పోర్టులు కఫీలు దగ్గర. నెలాఖరు. అప్పులు అందరికీ ఉన్నాయి. ఒక బంగ్లాదేశీ అన్న, ముస్లిం, నలుగురు ఆడపిల్లల తండ్రి, పెన్ను బల్ల మీద పెట్టేసి "ఆ పిల్లాడు నా పక్క మంచం మీదే పడుకున్నాడు రాత్రి" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆయన వెనక ఒక్కొక్కరం బయటకు వచ్చేశాం. మనిషికి చిత్తం లేదు, పరిస్థితులే నడిపిస్తాయి అని ఎవరైనా అంటే నాకు ఆ బల్ల, ఆ పెన్ను గుర్తొస్తాయి. అంత ఇరుకులో కూడా ఒక అంగుళం చోటు ఉంది. దేవుడు కయీనుతో మాట్లాడింది ఆ అంగుళం గురించే.

కానీ ఇక్కడ ఆగితే సగం సత్యమే చెప్పినట్టు. అగస్టీను కాలంలోనే పెలాగియసు అనే బోధకుడు, మనిషి తలుచుకుంటే తన శక్తితోనే నీతిగా బతకగలడు అన్నాడు. వినడానికి బాగుంటుంది, ఇప్పటి మోటివేషన్ వీడియోలన్నీ ఇదే. 418లో కార్తేజి సభ ఆ బోధను తోసిపుచ్చింది. ఎందుకు? చిత్తం ఒకసారి వంగితే తిరిగి అదే రూపానికి రాదు కాబట్టి. వంచిన చువ్వను మళ్ళీ సాగదీసి చూడండి, వంపు గుర్తు పోదు, అక్కడే బలహీనం. రోమా 7లో పౌలు పెట్టే మొర అదే. ఇష్టపడిన మేలు చేయలేకపోతున్నాను, అక్కర్లేదనుకున్న కీడే చేస్తున్నాను అని.

4వ అధ్యాయం చివర చూడండి. కయీను ఐదో తరం తర్వాత లెమెకు వస్తాడు. తనను గాయపరిచాడని ఒక పడుచువాణ్ణి చంపి, పెళ్ళాల ముందు దాని మీద పాట కట్టుకుంటాడు. కయీనుకు ఏడంతలైతే నాకు డెబ్బై ఏడంతలు అంటాడు. కయీను దాచిపెట్టాడు, లెమెకు పాడుకున్నాడు. ఒక అమ్మాయి మరణానికి 1,098 మందిని తరిమేయడం లెమెకు లెక్క. కమ్మింగ్‌లో ఆ పాట ఎన్నాళ్ళు సాగింది? 75 ఏళ్ళు. 1987 జనవరి 17న, డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు హోసియా విలియమ్స్ కొద్దిమందితో ఇక్కడ శాంతి ఊరేగింపు చేస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. విసిరినవాళ్ళలో చాలామంది 1912కి పుట్టనైనా లేదు. వాళ్ళ ఊళ్ళో నల్లజాతి మనిషే లేడు, మరి ఎవరి మీద కోపం? వారం తిరిగేసరికి, జనవరి 24న, సుమారు 20,000 మంది వచ్చి నడిచారు. సైనికులు, పోలీసులు దారి పొడుగునా నిలబడాల్సి వచ్చింది. రాయి విసిరిన చెయ్యి ఎవరిది వారిదే. కానీ ఆ చేతికి వంపు తాతల నాడే పడింది. రెండూ నిజం. బైబిలు రెండింటినీ పట్టుకుంటుంది. మనమే ఒకటి వదిలేస్తాం.

ఇంకో సంగతి. 15వ వచనంలో దేవుడు కయీను మీద గురుతు వేశాడు. ఎందుకు? ఎవరూ వాణ్ణి పట్టుకొని చంపకుండా. మొదటి హంతకుడి మీద కూడా మూక చెయ్యి పడకూడదని దేవుడే అడ్డం నిలబడ్డాడు. ఆ గురుతే నల్లటి చర్మం అని అమెరికాలో కొందరు బోధకులు బానిసత్వం రోజుల్లో ప్రసంగాలు చేశారు. మూక నుంచి కాపాడటానికి వేసిన గురుతును మూకకు గురిగా మార్చేశారు. వాక్యం చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు ప్రియులారా.

ఇప్పుడు ఆ అమ్మాయి మొదటి ప్రశ్న. వాళ్ళు రక్షింపబడినవాళ్ళేనా? జీవగ్రంథం నా చేతిలో లేదు, ఫలానావాడు నరకంలో ఉన్నాడని నేను చెప్పను. కానీ రక్షణ అంటే ఏమిటో లూకా సువార్తలో ఇద్దరు దొంగలు చూపిస్తారు. ఒకడు 23వ అధ్యాయంలో, సిలువ మీద. వాడు ఎవరి సొమ్మూ తిరిగి ఇవ్వలేడు, చేతులకు మేకులున్నాయి. అయినా ఆ రోజే పరదైసు. కాబట్టి రక్షణ కొనుక్కునేది కాదు, కృపే. రెండోవాడు 19వ అధ్యాయంలో జక్కయ్య. ఇతని చేతులు ఖాళీగా ఉన్నాయి. యేసు ఇంటికి వచ్చాడు. జక్కయ్య లేచి నిలబడి, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు వెనక్కి అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ప్రభువు అప్పుడు పలికాడు. మనం ఎప్పుడూ సిలువ మీది దొంగ కథే చెప్పుకుంటాం. అందులో ఖర్చు లేదు కాబట్టి. చేతులు ఖాళీగా ఉండి, పొరుగువాడి పొలం కలుపుకొని, ఆదివారం "కృపే, కృపే" అని పాడేవాడికి ప్రభువు చూపించే కథ జక్కయ్యది.

ఇది తెల్లవాళ్ళ సంగతి అని ఊపిరి పీల్చుకోవద్దు. కారంచేడు ఎప్పుడు? 1985 జూలై 17. తాగే నీళ్ళ చెరువును పాడు చేయొద్దన్నందుకు మొదలైన గొడవ. ఎదురు నిలబడిన మాదిగ స్త్రీ పేరు సువార్త. తెల్లవారి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు పారిపోయి చీరాలలో తలదాచుకున్నారు. చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులు. శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇక ఇది చదువుతున్నవాళ్ళు కోప్పడినా సరే చెప్తాను: మన తెలుగు సంఘాల్లో బల్ల దగ్గర ఒకే రొట్టె, పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం "మీరేవాళ్ళు?" కమ్మింగ్ దాకా వచ్చి, అట్లాంటిక్ దాటి కూడా అదే ప్రశ్న. దేవుడు కయీనును అడిగింది నువ్వే కులం అని కాదు. నీ తమ్ముడేడి అని.

ఆ ప్రశ్నకు ఈ ఊళ్ళో కొందరు ఆలస్యంగా జవాబు మొదలుపెట్టారు. 2021 జనవరిలో కమ్మింగ్ ఊరి మధ్య రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో, జరిగింది జరిగినట్టు రాసిన ఫలకం నిలబెట్టారు. 2022 నుంచి ఇక్కడి సంఘాలవాళ్ళు కొందరు కలిసి, 1912లో తరిమేసిన కుటుంబాల వారసుల పిల్లలకు చదువు డబ్బు ఇస్తున్నారు. ఇస్తున్నవాళ్ళు ఆనాడు గుర్రాలెక్కినవాళ్ళు కారు. భూమి తిరిగి రాలేదు. నాలుగంతలు కాదు, ఒక వంతు కూడా కాదు. అయినా జక్కయ్య లేచి నిలబడ్డాడు, ఇంకా జేబులో చెయ్యి పెడుతున్నాడు, అనుకుంటాను.

మరి రాబ్ ఎడ్వర్డ్స్ సంగతి? చంపినవాడి రక్షణ గురించి ఇంత మాట్లాడి, చనిపోయినవాణ్ణి వదిలేస్తామా. జేమ్స్ కోన్ అనే నల్లజాతి వేదాంతి 2011లో సిలువనూ ఈ మూకహత్యల చెట్టునూ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాశాడు. ఆ పోలిక బలవంతంగా తెచ్చింది కాదు. మన ప్రభువును కూడా రాత్రి పట్టుకున్నారు. విచారణ తొందరగా ముగించారు. అధికారి చేతులు కడుక్కున్నాడు. మూక కేకలు వేసింది. ఊరి బయట, దారిన పోయేవాళ్ళు చూసేలా మాను మీద వేలాడదీశారు. దేవుడు ఎందుకు చూస్తూ ఊరుకున్నాడు అని అడిగింది ఆ అమ్మాయి. అమ్మా, ఆయన చూస్తున్నది జనం నిలబడిన చోటు నుంచి కాదు, స్తంభం పైనుంచి. హెబ్రీ 12:24 చదువు. హేబెలు రక్తం న్యాయం కోసం మొరపెట్టింది. యేసు రక్తం అంతకంటే శ్రేష్ఠంగా మాట్లాడుతుంది అంటుంది పత్రిక. హేబెలు నోరు మూయించి మాట్లాడుతుంది అని మాత్రం అనలేదు.

వచ్చే బుధవారం 17వ వచనం నుంచి. కయీను ఊరు కట్టాడు, దానికి కొడుకు పేరు పెట్టుకున్నాడు. లోకంలో మొదటి ఊరు కట్టినవాడు తమ్ముణ్ణి చంపినవాడే అన్న సంగతి మీద అగస్టీను తన పెద్ద పుస్తకంలో చాలా రాశాడు. ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న మనకు అందులో పని ఉంది. ఈలోగా లూకా 19:1–10 చదివి ఉండండి. కమ్మింగ్‌లో ఉన్నవాళ్ళు శనివారం పిల్లల్ని తీసుకొని ఆ ఫలకం దగ్గరకు రండి. పొద్దున 10 గంటలకు నేనూ, మా ఇంటావిడా అక్కడ ఉంటాం. మొత్తం చదివి, ప్రార్థన చేసుకొని వద్దాం. పార్కింగ్ పక్క వీధిలో దొరుకుతుంది.